కంగాణి మనవడు

మలేషియాలో సుంగై పెటాని దాటి మోటారుసైకిల్ మీద అరగంట పోతే ఒక చిన్న కొండ వస్తుంది. ఒకప్పుడు దాని చుట్టూ రబ్బరు తోట ఉండేది, ఇప్పుడు పామాయిలు చెట్లున్నాయి. కొండ పొట్టలో, రెండో ప్రపంచయుద్ధంలో ఈ దేశాన్నేలిన జపానువాళ్ళ కాలం నాటి సొరంగం ఉంది. పెట్రోలు పీపాలు, తూటాల పెట్టెలు దాచుకోవడానికి తోట కూలీల చేత తవ్వించారు. దాని ఇనుప గేటు తాళంచెవి ఎనిమిదేళ్ళుగా లారెన్స్ జేబులో ఉంటోంది.

లారెన్స్‌కు యాభై ఎనిమిదేళ్ళు. రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, కొత్త మిషన్లు వచ్చాక బయటపడ్డాడు. ఇప్పుడు ముందుగా ఫోన్ చేసి అడిగినవాళ్ళకు, ఒక్కో కుటుంబానికి విడిగా, సొరంగం చూపిస్తాడు. బయట అతను నేల చూస్తూ మెల్లగా మాట్లాడే మనిషి. లోపలికి అడుగు పెట్టగానే గొంతు మారుతుంది. చీకటి ఆ గొంతును కాసేపు తనలో నానబెట్టుకుని, బరువెక్కించి తిరిగి ఇస్తుంది. గోడల మీది గునపం గాట్లను టార్చి వెలుగుతో ఒక్కొక్కటే తడుముతూ, "ఇవి మా తాత చేతులు" అంటాడు. విన్నవాళ్ళలో కొందరు కళ్ళు తుడుచుకుంటారు.

ఆ మాట అబద్ధం.

లారెన్స్ తాత జకరయ్య ఎన్నడూ గునపం పట్టలేదు. ఆయన కంగాణి. తెల్లారకముందే కూలీలను వరసలో నిలబెట్టి, హాజరు పిలిచి, ఎవరు చెట్లు గీయాలో, ఎవరు సొరంగానికి పోవాలో చెప్పే మనిషి. జపాను ఆఫీసరు ముప్పై మంది కావాలంటే ముప్పై పేర్లు రాసిచ్చిన చెయ్యి ఆయనది.

అబద్ధం పుట్టినప్పుడు దానికి మాటలు లేవు. మొదటి ఏడాది ఒక స్కూలు టీచరు, "మీవాళ్ళు కూడా ఇక్కడ పనిచేశారా?" అని అడిగింది. ఔనన్నాడు. "తవ్వారా, పాపం?" అంది. లారెన్స్ తల ఊపాడు. అంతే. ఆ తల ఊపడం మరుసటి వారానికి ఒక వాక్యమైంది, ఏడాది తిరిగేసరికి ఒక కథైంది. ఒక పేపరువాళ్ళు ఫోటో తీసి వేశారు: గోడ గాట్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డ లారెన్స్, కింద 'తవ్వినవారి మనవడు'. ఇంట్లో భార్య కాథరిన్ ఆ పేపరు చూసి, "మీ తాతుంటే నవ్వీసును లా" అంది, ఈ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. లారెన్స్ పేపరు మడిచి బీరువాలో బట్టల కింద దాచాడు. ఆ తరవాత వారం రోజులు ఆమె ముఖం సూటిగా చూడలేకపోయాడు. ఆ వారంలో కూడా మూడు కుటుంబాలకు సొరంగం చూపించాడు, అదే కథ చెప్పాడు.

వచ్చినవాళ్ళకు అన్నిటికన్నా నచ్చేది హాజరు. అందరికీ తలా ఒక పేరు ఇస్తాడు. టార్చిలు ఆర్పించి, కంగాణి గొంతుతో పిలుస్తాడు. ఆ పేరు వచ్చినవాళ్ళు చీకట్లో "ఉన్నాను దొరా" అనాలి. పిల్లలు కిసుక్కుమంటారు. చివరి పేరు ఎప్పుడూ పైడయ్యదే. ఆ పేరు సొరంగం కొస దాకా నడిచి వెళ్ళి, అక్కడ కూలిపోయిన మట్టిగోడను తాకి, వెనక్కి వస్తుంది. దానికి ఎవరూ పలకకూడదు. "ఇతను రాలేదు" అని లారెన్స్ చప్పున లైటు వేస్తాడు. చప్పట్లు కొడతారు.

అవి కల్పించిన పేర్లు కావు. తాత చివరి రెండేళ్ళు మతి తప్పి, రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని హాజరు పిలిచేవాడు. పైడయ్య దగ్గరికి వచ్చి ఆగిపోయేవాడు. అప్పుడు లారెన్స్‌కు ఇరవై రెండేళ్ళు. ఒకరోజు అడిగాడు, పైడయ్య ఎవరని. ఆ పూట ముసలాయన మతి తేటగా ఉంది. సొరంగం కొస కూలినప్పుడు పైడయ్య దాని కింద ఉండిపోయాడని చెప్పాడు. మనిషి చచ్చాడని తెలిస్తే మిగతావాళ్ళు లోపలికి దిగరని ఆఫీసరు అంటే, తను పేరు పక్కన 'పారిపోయాడు' అని రాశానన్నాడు. పారిపోయినవాడి ఇంటికి బియ్యం ఆపేశారు. పెళ్ళాం చంటిపిల్లను చంకనేసుకుని తోట విడిచిపోయింది. ఇంతా చెప్పి తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

లారెన్స్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పేరు మాత్రం వాడుకున్నాడు.

మొన్నటి జూన్‌లో బంటింగ్ నుంచి శాంతాదేవి అనే ఆమె ఫోన్ చేసింది. అక్కడ కుట్టు మిషన్ల కొట్టు నడుపుతుందట. తమిళంలో మాట్లాడింది. తల్లికి ఎనభై దాటాయని, గుంపుతో నడవలేదని, తమ ఇద్దరికే చూపించాలని అడిగింది. చెప్పిన రోజున, వాన వెలిసిన ఉదయం, తనే కారు నడుపుకుంటూ వచ్చింది. పక్క సీట్లోంచి దిగిన తల్లి పేరు దేవుడమ్మ. పొట్టి మనిషి, చేతిలో గుడ్డ సంచి. లారెన్స్ తమిళంలోనే జాగ్రత్తలు చెబుతూ ఆమె తలమీద హెల్మెట్ పెట్టబోయాడు.

"ఏటే ఇది, ముంత బోర్లించినట్టు? కొప్పు నలిగిపోద్ది," అంది ఆమె కూతురితో.

లారెన్స్ చేతులు గాల్లో ఆగాయి. "తెలుగోలా పెద్దమ్మా?"

"ఓలమ్మో! నువ్వూ మనోడివేనా బావు? మరిందాకట్నుంచీ ఆ అరవమేటి?"

"మీరు నోరు తెరిస్తే కదా తెలిసీది."

"నన్ను తెరవనిస్తే కదా ఇది!" ఆమె కూతుర్ని మోచేత్తో పొడిచింది. "దీనికి తెలుగు బోదపడతాది గానీ నాలిక తిరగదు."

"తిరుగుద్ది లా అమ్మా," అంది శాంతాదేవి. "నువ్వు చాన్స్ ఇవ్వవు."

మనవాళ్ళన్న సంతోషంలో లారెన్స్ ఆ రోజు ఎప్పటికన్నా బాగా చెప్పాడు. ఫ్యాక్టరీలోనూ బజారులోనూ అరిగిపోయిన తన తెలుగు ఆ చీకట్లో కొత్తగా చిగురేసినట్టుంది అతనికి. "ఇవి మా తాత చేతులు" అన్నప్పుడు దేవుడమ్మ ఆ గాట్లలో తన అరచెయ్యి పెట్టి, ఎవరి జ్వరమో చూస్తున్నట్టు, చాలాసేపు అలాగే ఉంచింది. లారెన్స్ అది చూశాడు. అయినా ఆగలేదు. శాంతాదేవికి గురువులు అన్న పేరు ఇచ్చి టార్చిలు ఆర్పించాడు.

"గురువులూ!"

"ఉన్నాను దొరా," అంది శాంతాదేవి నవ్వాపుకుంటూ.

ఇంకో రెండు పేర్లు పిలిచి, ఆగి, పిలిచాడు. "పైడయ్యా!"

పేరు లోపలికి వెళ్ళింది. వెనక్కి వచ్చింది. అప్పుడు చీకట్లోంచి దేవుడమ్మ గొంతు, కోపం లేకుండా, సన్నగా: "ఆట్టే గట్టిగా పిలవకు బావు. ఆడు మా అయ్య."

లారెన్స్ వేళ్ళకు టార్చి బొత్తాం దొరకలేదు. కూతురే లైటు వేసింది.

దేవుడమ్మ ముఖం ఏమీ మారలేదు. దగ్గరికి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "పేపర్లో నీ బొమ్మ సూపించింది ఇది. తవ్వినోల మనవడొకడున్నాడని రాసినారంట. పేరు ఇని అరవోడనుకున్నాం. అయినా, తవ్వినోలకి తెలుస్తాదని వొచ్చినాను. మీ తాతా మా అయ్యా ఒక్క మన్ను తిన్నోలు. ఆ పేరు మీ తాత సెప్పిందే కదా?"

"ఔను పెద్దమ్మా."

"మా అయ్య పారిపోనాడని రాసినారు. కూలోల లయిన్లలో నన్ను పారిపోనోడి కూతురా అనే పిలిసీవోరు. సయాం దేశంలో ఒకదాన్ని కట్టుకున్నాడని ఒకలు, పిల్లల్ని కన్నాడని ఒకలు. పెళ్ళయ్యాక మా అత్త, పొయ్యి మీద అన్నం మాడితే సాలు, 'నువ్వూ మీ అయ్యలాగ ఎప్పుడు పోతావే' అనీది. పోనీ. మా అమ్మ మాత్రం మొగుడు ఎక్కడో బతికున్నాడని అరవై ఏళ్ళు బొట్టెట్టుకుని కూకుంది. పసుపు కుంకాలతోనే సాగనంపినాం." ఆమె పట్టు బిగించింది. "ఒక్క మాట సెప్పు. మా అయ్య పారిపోనాడా?"

కూలిన మట్టిగోడ అక్కడికి పదడుగులు.

"తెలీదు పెద్దమ్మా," అన్నాడు లారెన్స్. "తాత ఏటీ సెప్పనేదు."

ఆ అబద్ధాన్ని కూడా సొరంగం బరువెక్కించి తిరిగి ఇచ్చింది.

బయట వెలుగు కళ్ళను కొట్టింది. గేటు పక్కన రేకుల షెడ్డులో బల్ల మీద దేవుడమ్మ సంచి విప్పింది. అరిటాకులో కట్టిన అన్నం పొట్లం, ఎండు చేపల పులుసు, ఒక బెల్లం ముక్క. ఆకు పరిచి, తడి చేత్తో తుడిచి, అన్నం పెట్టి లారెన్స్ ముందుకు జరిపింది.

"తిను. మా అయ్య పోనాడో ఉన్నాడో తెలీక ఒక్క ముద్ద పెట్టడానికి లేకపోయింది నాకు. ఆడితో తవ్వినోల పేరన నువ్వు తిను, నాకదే సాలు." అతని మెడలోని సిలువ చూసి, "యేసు పెబువు వోలేటి? భయపడకు, దేవుడికెట్టింది కాదు. పొద్దున్న ఓటేలు గదిలో కుక్కర్లో వొండినాను. ఇది వొద్దంటాది, ఓటేలోలు తిడతారంట."

"తిట్టారు కూడా," అంది శాంతాదేవి.

లారెన్స్ ముద్ద కలిపాడు. వేళ్ళు నోటి దాకా వెళ్ళాయి. పులుసు వాసన అచ్చం వాళ్ళమ్మ చేసే పులుసు వాసనే. ముద్ద ఆకులో జారిపోయింది.

"మా తాత తవ్వనేదు," అన్నాడు.

ఇద్దరూ చూశారు.

"కంగాణి మా తాత. జకరయ్య కంగాణి. మీ అయ్య పారిపోనేదు పెద్దమ్మా. లోపల కొస కూలిపోతే దాని కింద ఉండిపోనాడు. పారిపోనాడని రాసింది మా తాతే."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాడు. ఆఫీసరు మాట, ఆగిపోయిన బియ్యం, మంచం మీది హాజరు, అన్నీ తలవంచుకుని తను కలిపిన అన్నానికే చెప్పాడు. తెలుగు దొరకని చోట తమిళం, అదీ దొరకని చోట మలయ్ పెట్టుకున్నాడు. శాంతాదేవి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎప్పుడు?" అంది దేవుడమ్మ.

"మట్టల ఆదివారం మర్నాడంట. జపానోలు వొచ్చిన మూడో ఏడు. శ్రమల కాలంలో ఆ రోజు మా తాత నీళ్ళు కూడా ముట్టీవోడు కాడు."

శాంతాదేవి ఫోనులో వెతికింది. రెండుసార్లు తప్పు కొట్టింది. "ఏప్రిల్ మూడు, అమ్మా. సోమవారం."

దేవుడమ్మ ఆ తేదీని పెదాలతో రెండు మూడు సార్లు అనుకుంది. తరవాత అడిగింది: "మా అమ్మ బొట్టెట్టుకునే ఉందని మీ తాతకి తెలుసా?"

"తెలుసు. ఒకపాలి బట్టర్‌వర్త్ రైలు స్టేషన్‌లో సూసినాడంట. తలొంచుకుని ఎనక్కి తిరిగొచ్చీసినాడంట."

"నీకెప్పుడు తెలిసింది బావు?"

లారెన్స్ ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. ఎనిమిదేళ్ళుగా అతను మోసిన సిగ్గంతా తాత పేరుమీద ఉన్నదే. కంగాణి మనవడినని చెప్పుకోలేని సిగ్గు. దాని కింద తన సొంతదే ఇంకొకటి ఉందని ఇప్పుడు తెలిసింది.

"నాకు ఇరవై రెండేళ్ళప్పుడు."

దేవుడమ్మ వేళ్ళమీద లెక్కపెట్టలేదు. కూతురివైపు చూసింది. శాంతాదేవే మెల్లగా అంది: "అమ్మమ్మ ఆ తరవాత పదహారేళ్ళు బతికింది."

"ఎతికితే దొరికీవోలం," అంది దేవుడమ్మ. "తెలుగోలం ఎంతమందిమని ఈ దేశంలో? కౌలాలంపూర్ తెలుగు సంఘంలో ఒక్క మాటేస్తే ఎవులో ఒకలు సెప్పుదురు. నువ్వు అడగనేదు. పేరెట్టి పిలిసినావు, అందర్నీ నవ్వించినావు, ఆడి మనుషులున్నారేటని మాత్రం అడగనేదు."

ఆమె తిట్టలేదు. తిడితే లారెన్స్‌కు నిలబడటానికి కాస్త చోటు దొరికేది.

దేవుడమ్మ లేచి టార్చికోసం చెయ్యి చాపింది. అతను ముందు నడవబోతే ఆపింది. "నువ్వొద్దు."

తల్లీ కూతుళ్ళు లోపలికి వెళ్ళారు. లారెన్స్ గేటు బయట నిలబడ్డాడు. మొదట ఏమీ వినపడలేదు. తరవాత ఏడుపు వచ్చింది, తోటల్లో పాతకాలపు ఆడవాళ్ళు ఏడ్చినట్టు, రాగం తీసి, తండ్రిని రకరకాలుగా పిలుస్తూ. నన్ను భుజానేసుకున్నోడా అంది. ఆమెకు గుర్తుండే వయసు కాదు, ఎవరో చెప్పగా విన్నది కావచ్చు. ఎనభై ఏళ్ళ పాటు ఏడవడానికి అనుమతి లేని ఏడుపు అది. సొరంగం దాన్ని ఏమీ మార్చకుండా బయటికి పంపింది. లారెన్స్ చెవులు మూసుకోలేదు. దూరంగా పోనూ లేదు. వినే హక్కు తనకు లేదనిపించింది. వెళ్ళిపోయే హక్కు కూడా లేదు.

చాలాసేపటికి వాళ్ళు బయటికి వచ్చారు. దేవుడమ్మ మోకాళ్ళ నిండా ఎర్రమట్టి. బల్ల దగ్గరికి వచ్చి, లారెన్స్ కలిపిన అన్నాన్ని పక్కకు తీసేసి, పొట్లంలో మిగిలిన తెల్లన్నంతో మూడు ముద్దలు చేసింది. బెల్లం ముక్క విరిచి ఒక్కోదాని మీద పెట్టింది. పామాయిలు చెట్ల వరస మొదట్లో ఒక రాయి మీద ఆకు పరిచి వాటిని ఉంచి, రెండు చేతులూ జోడించి నిలబడింది.

చెట్ల మీద కాకులున్నాయి. అరుస్తున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. శాంతాదేవి "అమ్మా, కూర్చో" అంది. ఆమె కూర్చోలేదు. ఒక కాకి కొమ్మ మారి, ఆకు వైపు తల వంచి చూసి, మళ్ళీ పైకి పోయింది.

దేవుడమ్మ వెనక్కి తిరిగింది. షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డ లారెన్స్‌ను చూసి, అలసిపోయిన గొంతుతో అంది:

"నువ్వు కొంచెం దూరంగా ఎల్లు బావు."

లారెన్స్ కిందికి నడిచాడు. కారు దాటాడు, తన మోటారుసైకిల్ దాటాడు. వాన నీళ్ళు నిలిచిన మట్టిబాటలో, షెడ్డు కనబడని మలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఇంత దూరం సరిపోతుందో లేదో తెలియలేదు. ఇంకొంచెం నడిచాడు.