ఇంట్లో కూర్చుని చేసే గవర్నమెంటు పని

వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేయవచ్చని ఆర్డరు వచ్చినప్పుడు రాబర్ట్‌సన్‌పేటలోని మా చిన్న ప్రభుత్వ కార్యాలయంలో ఎవరూ సంతోషపడలేదు. ముందు ఇంటికి పంపి, తర్వాత పోస్టులే ఎత్తేస్తారని కొందరు గుసగుసలాడారు. మా సూపరింటెండెంటుది వేరే అనుమానం. ఇంట్లో ఉన్నవాళ్ళు పని చేయరు, నిద్రపోతారని.

నేను మంగళ, గురువారాలు తీసుకున్నాను. మాది పల్లె. మా ఆయన మాలూరు ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, అత్తా మిగిలేవాళ్ళం. సిగ్నల్ పెరట్లోని పట్టుపురుగుల షెడ్డులోనే బాగా అందేది. అందుకని అక్కడే స్టూలు వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని.

ఇంటి నుంచే ఆఫీసు పని అని చెప్తే అత్త నన్నేమీ అడగలేదు. కానీ నేను ఫోన్లో మాట్లాడుతుంటే తలుపు చాటున నిలబడేది. కోడలు పనికి పోలేదా అని పక్కింటివాళ్ళు అడిగితే, ఒళ్ళు బాగలేదని చెప్పేది. నాకేమో ఏ జబ్బూ లేదు. నా వెనక ఏం నడుస్తోందోనని నాకూ ఆమె మీద అనుమానం పట్టుకుంది.

ఒక గురువారం వాకిట్లో జీపు ఆగింది. షెడ్డులోకి అత్త గొంతు వినిపించింది.

"మా కోడలు ఇంట్లో లేదప్పా. ఆఫీసుకు పోయిండాది."

"నేను ఆఫీసు నుంచే వస్తా ఉండాను కదమ్మా!" అది మా సూపరింటెండెంటు గొంతు.

"అట్లయితే యాడికి పోయిందో నాకు తెలీదు. ఎవరి దగ్గరా లంచం తినలేదు సామీ ఆ పిల్ల. కావాలంటే ఇల్లంతా ఎతుక్కో."

ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాను. నా కొంగుకు అంటుకున్న మల్బరీ ఆకు ముక్కల్ని ఆయన తేరిపార చూశారు.

"బాగుండాది మీ పని. ఇంగ పురుగులకు ఆకేసేదానికా గవర్నమెంటు జీతమిచ్చేది?"

పొద్దుటి నుంచి పంపిన ఫైళ్ళన్నీ తెరపై చూపించాను. చదివారు. షెడ్డులోకి తొంగి చూశారు. అత్త ఇచ్చిన మజ్జిగ తాగారు. నమ్మానని మాత్రం అనకుండా జీపెక్కారు.

"ఎందుకత్తా అబద్ధం చెప్పినావు?" అని అడిగాను.

ఖాళీ మజ్జిగ గ్లాసు తీసుకుంటూ అంది. "మీ మామను సస్పెండు చేసినప్పుడు ఆయన నాతో రజా, సెలవు అనే చెప్పినాడమ్మా. ఇట్లనే ఇంట్లో కూర్చున్నాడు. ఊరంతా తెలిసినాకే నాకు తెలిసింది. నువ్వైనా నిజం చెప్పు. నీ పని ఉండాదా, పోయిందా?"

చనిపోయిన మా మామ బడిపంతులు. ఆయన తన దగ్గరే నిజం దాచిన సంగతి కొడుక్కి కూడా చెప్పకుండా ఆమె ఇన్నేళ్ళు మోసింది. ఇక నా మాటతో ఆమెకు నమ్మకం కుదరదనిపించింది. మరుసటి మంగళవారం ఆఫీసు వీడియో మీటింగులో ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెరపై సూపరింటెండెంటు కనబడగానే కొంగు సర్దుకుని ఆయన్నే అడిగేసింది.

"అప్పా, నా కోడలికి పని ఉండాదా?"

ఆయన మొదటిసారి నవ్వారు. "ఉండాదమ్మా. చేస్తా ఉందో లేదో నువ్వే చూసి చెప్పల్ల."

ఆ మాటను అత్త ఆర్డరుగానే తీసుకుంది. ఇప్పుడు ఆకు వేయడానికి కూడా నన్ను పిలవదు. నేను కాస్త కళ్ళు మూసుకుంటే చాలు, పట్టుపురుగుల తట్టల వెనక నుంచి దగ్గుతుంది.