స్వెట్టర్లు తెచ్చిన సంచి

నాకు మొదట భయం వేసింది ఆదివారం సాయంత్రం, టీ ఫ్లాస్కు పట్టుకుని మా రొయ్యల గుంట గట్టు మీద నడుస్తున్నప్పుడు. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల స్విచ్చి బోర్డు పక్కన కర్రకు ఖాళీ మేత సంచి ఒకటి ఆరేసి ఉంది. మాకు మేత సంచులకు కొదవ లేదు. గడప ముందు కాళ్ళు తుడుచుకోవడానికి అవే, వడియాలు ఎండబెట్టడానికి అవే. కానీ ఈ సంచికి నీలం నైలాన్ తాడుతో రెండు పిడులు కుట్టి ఉన్నాయి. అలా కుట్టేది మా అక్క ఒక్కతే. సంచి తడిగా ఉంది. దాని అంచు నుంచి నీళ్ళు కారి గుంటలోకే పోతున్నాయి.

ఆ సంచి ఎప్పటినుంచి ఇక్కడ ఉందని మా ఆయనను మామూలుగా అడిగినట్టే అడిగాను. నాలుగు రోజులైందట. వరండాలో కనిపిస్తే తెచ్చుకున్నారట. బరువు చూడటానికి రొయ్యలను బేసిన్‌లో తీసినప్పుడల్లా దాన్ని గుంటలో ముంచి పైన కప్పుతున్నారట. చక్కెర తక్కువైందని చెప్పి టీ తాగేశారు. ఆయనకు ఇంకేమీ అనుమానం రాలేదు.

ఆ సంచి మా ఇంటికి వచ్చింది ఢిల్లీ వల్ల.

ఢిల్లీ పోవాలని మేం అనుకోవడం ఇది మూడోసారి. కోట అనే ఊరి దగ్గర మాకు రెండు గుంటలు. గుంటలున్నవాళ్ళు ఊరు కదలాలంటే పెరిగిన రొయ్యలను పట్టి అమ్మేసే పట్టుబడి అయిపోవాలి. నీళ్ళు తీసేసి, అడుగు మట్టి పగుళ్ళిచ్చేదాకా ఎండబెట్టే ఆ రెండు మూడు వారాలే మాకు సెలవులు. పోయిన రెండుసార్లూ పట్టుబడి వెనక్కి జరిగి టికెట్లు రద్దు చేశాం. అప్పటినుంచి తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి తండ్రి మాట మీద గురి పోయింది. నాన్న వస్తానంటే రాడని అర్థం అని ఆరేళ్ళ తమ్ముడికి నేర్పిపెట్టింది. వాడు దాన్ని ఆయన ముందే అప్పజెప్పాడు. ఆయన నవ్వారు. కానీ తర్వాత వంటింట్లోకి వచ్చి, "ఈసారి నన్ను కట్టేసైనా తీసుకోని పో మే" అన్నారు.

ఏడు రోజులకు ఏడు పేజీలు రాశాను. ఎర్రకోట సోమవారం మూసేస్తారని తెలిసి, అప్పటికే రాసిన రెండు పేజీలు కొట్టేసి మళ్ళీ రాశాను. అబ్బాయికి రైలు మ్యూజియం, అమ్మాయికి పార్లమెంటు, ఆయనకు మెట్రో. నా కోసం ఏం రాసుకున్నానని చూస్తే, దిగే హోటలుకు ఆసుపత్రి ఎంత దూరమో, తప్పిపోతే చూపించడానికి పిల్లల జేబుల్లో పెట్టాల్సిన చీటీలో ఏముండాలో, అవే ఉన్నాయి. నా ఆలోచన ఎప్పుడూ అటే పోతుంది.

ఇక చలి. ఈ సముద్రపు గాలిలో స్వెట్టరు ఉన్న ఇల్లు ఏది? అక్కవాళ్ళు రెండేళ్ళ కిందట కాశీ పోయినప్పుడు కొన్నవి ఉన్నాయంటే కావలి దగ్గర వాళ్ళ ఊరికి పోయాను. వాళ్ళ గుంటకు అంతకు పదిహేను రోజుల ముందే తెల్లమచ్చ రోగం తగిలి రొయ్యలన్నీ పోయాయి. రోగం తగిలిన గుంట దగ్గరి వల, బకెట్, చివరికి చెప్పులు కూడా ఇంకో గుంట గట్టు ఎక్కకూడదు. అది మా అందరికీ తెలిసిన కట్టుబాటు. నేను వాళ్ళ గుంట వైపే పోలేదు. తిరిగొచ్చాక బ్లీచింగ్ నీళ్ళతో కాళ్ళు, చెప్పులు కడుక్కున్నాకే గేటు దాటాను. స్వెట్టర్లు మేడ మీద ఎండేశాను. అక్క వాటిని పెట్టిచ్చిన సంచిని మాత్రం మడిచి వరండాలో పెట్టాను. సంచి కూడా ఒక వస్తువేనని తోచలేదు.

ఆ ఆదివారం గట్టు మీద నుంచి ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేసి, ఆ సంచి ఎక్కడిదని అడిగాను.

"గుంట కాడిదే మే. చచ్చిన రొయ్యల్ని దాన్లోనే ఏరిపోసినాం. కడిగినాలే."

"దేంతో కడిగినావక్కా?"

"నీళ్ళతో."

చెప్పాలి. రెండు రోజులు చెప్పలేదు. అన్నం వడ్డిస్తూ చెబుదామనుకుంటాను, ఆయన ముఖం చూసి మానేస్తాను. సంచి తీసేస్తే ఎందుకని అడుగుతారని దాన్నీ ముట్టుకోలేదు. ఊరికే కూర్చోలేక ఢిల్లీ పేజీలు దిద్దుతూ ఉన్నాను. మూడో రోజు పేజీలో ఉన్న కుతుబ్ మీనార్‌ను ఐదో రోజుకు మార్చాను. మళ్ళీ మూడో రోజుకే మార్చాను.

మంగళవారం మొదటి గుంటలో మేత మిగిలింది. బుధవారం పొద్దున రొయ్యలు గట్టు వారకు వచ్చి వాలిపోయాయి, పైన కాకులు. తీసి చూస్తే తల డిప్ప మీద తెల్ల చుక్కలు. ఆయన అది చూసి, పక్క గుంట రైతు మొన్న తన వల భుజాన వేసుకుని మన గట్టు మీదుగా పోయాడని, ఈ పని అతనిదేనని అన్నారు. పోయి నిలదీస్తానని లుంగీ ఎగ్గట్టి బయల్దేరారు. అప్పుడు చెప్పాను. గట్టు మీదే, ఆయన వెనక పరిగెత్తుతూ చెప్పాను.

ఆయన ఆగి, సంచి వంక చూసి, నా వంక చూశారు.

"స్వెట్టర్లు సరిపోయినాయా?"

"పాపకు కొంచెం పొడుగు."

"ముంచింది నేనే గదా. యాడిదని ఒక మాట అడగలా." మట్టి మీదే కూర్చున్నారు. "కాకి తెచ్చిందో, సంచి తెచ్చిందో, ఎవురికి తెలస్తది. ఆదివారమే చెప్పుంటే దాన్నన్నా తీసేసి ఉందుము."

నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

ల్యాబులో తెల్లమచ్చ రోగమేనని తేలింది. గురువారం ఆ గుంట అయినకాడికి పట్టేశారు, వేలెడంత కూడా లేని రొయ్యలు. రెండో గుంటకు ఇంకా రోగం రాలేదు. అది గట్టెక్కాలంటే నలభై రోజులు ఆయన గట్టు దిగకూడదు. రోగ భయానికి మేత తగ్గించాల్సి రావడంతో పట్టుబడి వెనక్కి జరిగి, మా టికెట్లు ఆ నలభై రోజుల్లోనే పడ్డాయి. మీరు ముగ్గురూ పోయి రాండి అన్నారు. ఇద్దరు పిల్లలతో ఢిల్లీ స్టేషన్లో నన్ను నేను ఊహించుకుని వద్దన్నాను. పోనక్కర్లేదని తెలిశాక లోపల ఎక్కడో హాయిగా అనిపించింది కూడా. అందుకు సిగ్గుపడ్డాను. నాలుగు టికెట్లూ రద్దు చేశాను.

"పిల్లోళ్ళకు గుంట పొయ్యిందని చెప్పు చాలు," అన్నారు. "సంచి సంగతి ఎందుకు? నేను రాకపోవడం వాళ్ళకు అలవాటే."

మర్నాడు పొద్దున ఆయన రెండో గుంట దగ్గరే ఉన్నారు. పిల్లలు యూనిఫాంలో కూర్చుని దోసెలు తింటున్నారు. ఢిల్లీ సంగతి ఎత్తినా అమ్మాయి ప్లేటులోంచి తల ఎత్తలేదు.

"నాన్న రానన్నాడా?" అని అడిగింది.

నేను వాళ్ళెదురుగా కూర్చున్నాను.

"నాన్న వస్తాననే అన్నాడు. రోగం తగిలిన గుంట కాడి సంచిని నేను తెచ్చినా. కడగకుండా వరండాలో పెట్టినా. నాన్నకు తెలీక నీళ్ళలో ముంచినాడు. దానివల్లే అని ఎవురూ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. తెలిసినాక కూడా రెండు రోజులు నాన్నకు చెప్పకుండా దాచినా. రెండో గుంట నిలవాలంటే నాన్న ఈడ ఉండాల. ఢిల్లీకి మళ్ళీ ఎప్పుడు పోతామో నాకు తెలీదు. కానీ ఈసారి నాన్న మాట తప్పలా."