ఒక ముహూర్తానికి ఒక్క పెళ్లే

కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఒకే ముహూర్తానికి ఒకే పెళ్లి ఛత్రాన్ని ఇద్దరికి ఇచ్చేసి, ఆనక తీరిగ్గా సర్దుకునే యంత్రాన్ని గొప్పదన్నారు బెళ్ళందూరు కంప్యూటరు కంపెనీలోని పెద్ద చదువులవాళ్లు. సర్దుకునేలోపల ఇద్దరు పెళ్లికొడుకులు బాసికాలు కట్టుకుని వాకిట్లో నిలబడతారని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను చెప్పాను.

నేను అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది పెళ్లి పత్రికల ప్రూఫులు దిద్ది. పాత బెంగళూరులో మా నేతగాళ్ల సంఘం కల్యాణ ఛత్రానికి నలభై ఏళ్లు తేదీలు రాసింది నేను. తేదీల పుస్తకాలు మూడు ఉండేవి: ఒకటి ఛత్రంలో నా దగ్గర, ఒకటి పట్టు అంగడి పెద్దాయన దగ్గర, మూడోది మగ్గాలాయన ఇంట్లో. ఎవరి దగ్గరికి పోయినా తేదీ దొరుకుతుందని ఆ ఏర్పాటు.

ఒకసారి అంగడి పెద్దాయన నాకు ఫోను చేసి, "బుధవారం తెల్లారుజాము ముహూర్తం ఇచ్చేసినా, రాసుకోప్పా" అన్నాడు. రాసుకున్నాను. గురువారం తెల్లారుజాము ఇంకొకరికి ఇచ్చాను. ఆయనది పంచాంగం లెక్క. సూర్యుడు పొడిస్తేగాని వారం మారదు. నాది గోడ క్యాలెండరు. ఆయన బుధవారం నాలుగు గంటలూ, నా గురువారం నాలుగు గంటలూ ఒకటే! రెండు మేళాలు ఒకే గేటు ముందు పోటాపోటీగా వాయించాయి. ఒక జంటకు మంటపంలో, ఇంకో జంటకు భోజనాల హాల్లో అరిటాకుల కట్టల మధ్య తాళి కట్టించాం. అప్పటినుంచి కట్టడి పెట్టుకున్నాం: గడియారం టైము రాయాలి, మూడు పుస్తకాల్లో రెండింట్లో ఎక్కేదాకా ఖరారు తాంబూలం ఇవ్వకూడదు.

మా కోడలు పనిచేసే ఆ కంపెనీ, ఛత్రాల తేదీలు ఫోన్లోనే ఇచ్చే ఏర్పాటు కడుతోంది. కొత్త పంచాంగం వచ్చిన వారం వేలమంది ఒకేసారి నొక్కుతారు, అందరికీ అదే గురువారం కావాలి. అందుకని సమాచారాన్ని మూడు ఊళ్లలో మూడు నకళ్లుగా ఉంచాలట, రద్దీ పెరిగేకొద్దీ యంత్రాలు చేర్చుకుంటూ పోవాలట. అలాంటి డేటాబేసులు వడపోయగా రెండు మిగిలాయి. ఒకదానికి నేను పెట్టుకున్న పేరు మెరుపు. ఏ నకలును అడిగితే అది వెంటనే సరేనంటుంది, తక్కినవాటికి తర్వాత చెప్పుకుంటుంది. రెండోది నిదానం. మూడింట రెండు ఒప్పుకున్నాకే నోరు విప్పుతుంది.

కోడలు నిదానం వైపు. ఆమె పైఅధికారి మెరుపు వైపు. పుస్తకాలు మూసి మొట్టమొదట అప్పజెప్పేది మా ఛత్రమే, అదీ నా మాట మీద. ఎంపిక తప్పితే ఆఫీసులో ఆమె మాట చెల్లదు, పేటలో నా మొహం చెల్లదు.

"మీ పెద్దాయనలిద్దర్నీ తీసుకురండి మామా. ఊరికే బటన్ నొక్కితే చాలు, లెక్చర్ వద్దు" అంది.

పోయాం. కంపెనీలో కోడలు బల్లమీద మూడు ఊళ్లకు బదులుగా మూడు కంప్యూటర్లు పెట్టింది. మా ముగ్గురి చేతుల్లో మూడు ఫోన్లు. ఒకే ఛత్రం, ఒకే గురువారం. "ఒకటి, రెండు, మూడు" అంది. నొక్కాం.

మెరుపు ముగ్గురికీ చెప్పింది: శుభం, మీ ఛత్రం ఖరారైంది.

"నాకొచ్చింది!" అన్నాడు అంగడాయన.

"నాకూ వచ్చిండాది, కూర్చోప్పా" అన్నాడు మగ్గాలాయన.

పైఅధికారి కుర్రవాడు నవ్వాడు. "అంకుల్, ఇది రేర్ కేస్. టూ మినిట్స్‌లో సింక్ అయిపోతుంది."

అయింది. అంగడాయన పేరు మిగిలింది, మా రెండు పేర్లూ మాయమయ్యాయి.

"నా కూతురి పెళ్లి ఎత్తేసిందే మీ మిషను!" అని మగ్గాలాయన లేచాడు. ఆయనకు కూతుళ్లే లేరు.

నిదానం వంతు వచ్చింది. కన్నార్పేంత సేపు ఆలోచించి ఒకరికి సరే అంది, ఇద్దరికి లేదంది.

"ఓకే, కానీ ఒక మెషీన్ డౌన్ అయితే?" అన్నాడు పైఅధికారి.

లెక్చర్ వద్దంది గానీ పీకవద్దని అనలేదు కదా. చేతికందిన కంప్యూటరు తీగ పీకేశాను. కోడలు "మామా!" అంది. తక్కిన రెండూ పని చేస్తూనే ఉన్నాయి. రుచి మరిగి రెండోది కూడా పీకాను. మిగిలిన ఒక్కటీ ఏమీ రాసుకోనని మొండికేసింది.

"చూశారా, ఆగిపోయింది!" అన్నాడతను సంబరంగా.

"ఆగిపోలేదు నాయనా. తోడు లేకుండా మాటివ్వనంటా ఉండాది. నువ్వు దాన్ని తప్పంటావా?"

అతను కోడలి వైపు చూశాడు. ఆమె వెంటనే నిదానాన్ని పరీక్షించిన కాగితాలు ముందుకు తోసింది: రద్దీ పెంచి చూసినవి, యంత్రాలు మూడు నుంచి అయిదు చేసి చూసినవి. చాలాసేపు తిరగేసి నిదానానికే సంతకం పెట్టాడు. పెట్టి, "లేదని మెసేజ్ వచ్చినవాళ్లు ఫోన్ చేసి తిడతారు. ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

"మా మామగారు" అంది కోడలు, నా వైపు చూడకుండా.

అలా ఈ వయసులో నాకు ఉద్యోగం దొరికింది. మొన్న పంచాంగం వచ్చింది. యంత్రం ఒక్క ముహూర్తాన్ని కూడా ఇద్దరికి ఇవ్వలేదు, నా ఫోను మాత్రం ఒక్క పూట ఊరుకోలేదు. నిన్న పొద్దున దేవనహళ్ళి నుంచి ఒకావిడ.

"నేను నొక్కినప్పుడు ఖాళీగా ఉండె. ఎవురికిచ్చినావప్పా?"

"నీకంటే రెప్పపాటు ముందు నొక్కినోళ్లకమ్మా."

"సుమ్మనే అబద్ధాలు చెప్పొద్దు. మీ చుట్టాలకే ఇచ్చింటావు!"

నలభై ఏళ్లు ఈ మాట పడ్డాను. పదింట ఆరు సార్లు అది నిజమే అయ్యేది, అయినా తలొంచుకుని నవ్వితే నమ్మి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు నిజంగా ఏ పాపమూ ఎరగను. ఒట్టు పెట్టినా ఒక్కరూ నమ్మరు.