నీకేం లేదట

అందరూ బాగున్నారా? బీపీ ఉన్నవాళ్లు గోళీలు మరిచిపోవడం లేదు కదా? మోకాళ్లు అరిగినవాళ్లు అస్తమానం మెట్లెక్కకండి. బాలింతలు చెవులకు గుడ్డ కట్టుకోండి, చలిగాలి మంచిది కాదు. మీరంతా క్షేమమని అనుకుంటే గానీ నాకు మాట ముందుకు సాగదు. మా ఇంట్లో మాత్రం క్షేమం లేదు. మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, పోయిన నెల బెల్లంపల్లిలో కన్నుమూసింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

కోడలిగా ఆ గని క్వార్టర్‌లో అడుగుపెట్టినప్పుడు నాకు అన్నిటికీ భయమే. సైరన్ మోగితే భయం, మా ఆయన గనిలోంచి పైకి రావడం ఆలస్యమైతే భయం. "ఫికర్ జెయ్యకే పిల్లా, నేనున్న గద" అనేది అక్క. నెలనెలా పొత్తికడుపు నొప్పితో నేను ముడుచుకుని పడుకుంటే, ఇటుక వేడి చేసి పాత చీరలో చుట్టి తెచ్చేది. నాకు కాలుతుందేమోనని ముందు తన చెంపకు ఆనించి చూసుకునేది.

పిల్లలు కాలేదని, తెల్లబట్ట ఆగడం లేదని నన్ను కరీంనగర్ తీసుకుపోయింది కూడా అక్కే. మగవాళ్లు అట్లాంటి దవాఖానకు రావడం అప్పట్లో మా దగ్గర లేదు. డాక్టరమ్మ మందులిచ్చింది, తెల్లబట్ట తగ్గింది. తర్వాత గర్భసంచి గొట్టాలు మూసుకుపోయాయేమోనని మందు ఎక్కించి ఫోటో తీసింది. ప్రాణం పోయినంత నొప్పి. నేను లోపల చీర కట్టుకుంటుంటే, చెప్పాల్సిందంతా బయట అక్కకు చెప్పింది.

నేను రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. "నీకేం లేదట చెల్లె" అంది. కళ్లనిండా నీళ్లు.

ఏం లేదంటే నేనేమనుకుంటాను? బిడ్డలు పుట్టే రాత లేదనుకున్నాను. బస్టాండులో కూలబడి ఏడ్చాను. అక్క నా వీపు రాసింది. అది కాదే అని మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఎన్ని పొడులు, ఎన్ని కషాయాలు! జైనూర్ దిక్కు నుంచి వేర్లు తెప్పించి అక్కే నూరి ఇచ్చేది. వాంతికొచ్చినా మింగేదాన్ని. ఎవరింట్లోనైనా పసిబిడ్డను తొట్టెలలో వేసే రోజు నేను గడప దగ్గరే నిలబడాలి. "గామె చెయ్యి తగలనియ్యకుండ్రి" అని ఒకామె అంటే అక్క మీదికి పోయింది. "నా చెల్లెను అంటే నాలుక చీరుత!" నా కోసం వాడకట్టులో అందరితో కొట్లాడింది. అనాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ అంది.

మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. అక్క మంచాన పడ్డాక నేనే జావ తాగించేదాన్ని. ఒకరోజు చెంచా పక్కకు తోసి అంది: "డాక్టరమ్మ నీకు రోగమేం లేదన్నదే. మరిదిని తోలుకరమ్మన్నది. నేనే చెప్పలే. గనిల నలుగురి మధ్య పనిజేసెటోడు, తలెత్తుకోలేడని."

"మరి నా తల అక్కా?" అన్నాను.

గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత కొద్దిరోజులకే కన్నుమూసింది. ఇప్పుడు ఆమెను తలుచుకుని ఏడుద్దామంటే కోపం అడ్డొస్తుంది. తిట్టుకుందామంటే నన్ను కడుపులో పెట్టుకున్న మనిషి కూడా ఆమే అయిపోయె. పరాయిది చేసి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు.

పెద్దకర్మ నాడు, అక్క మనవడి భార్య మూలకు కూర్చుని ఏదో పొడి నీళ్లలో కలుపుకుంటోంది. పెళ్లయి నాలుగేళ్లు, కడుపు పండలేదు. ఆ గ్లాసు తీసి పక్కన పెట్టాను. మనవడిని పిలిచి, "దవాఖానకు ఇద్దరు పోవాలె. నువ్వు గూడ పరీక్ష చేయించుకోవాలె" అన్నాను.

"నాకెందుకే నాయనమ్మా? నేను మంచిగనే ఉన్న గద!" అని నవ్వాడు.

"నేను గూడ మంచిగనే ఉంటి బిడ్డా" అన్నాను.

తింటున్నవాళ్ల చేతులు ఆగాయి. అందరి ముందూ మొత్తం చెప్పాను. వాడు పెళ్లాం పక్కకు వచ్చి కూర్చుని, "ఎప్పుడు పోదాం?" అని పెళ్లాన్ని అడిగాడు.

వచ్చే బుధవారం ఖాయమైంది. వానొస్తుందేమో, బస్సులో సీటు దొరకదేమోనని నాకు అప్పుడే గుండెదడ. డాక్టరమ్మ గదిలోకి ఇద్దరూ పోతారు. ఆమె చెప్పేది ఎవరి చెవులతో వాళ్లు వింటారు. బుధవారం, పొద్దున తొమ్మిదింటికి.