సంచికి రెండో కొస

ఆర్మూరులో కాశీనాథ్ సేటు పసుపు దుకాణానికి ఏసయ్య ఎంత పాత మనిషంటే, సేటు పెళ్లికి పందిరి గుంజలు పాతింది కూడా అతనే. అంత పాత మనిషీ ఆ దుకాణంలో ఏనాడూ కూర్చుని ఎరగడు. గోడకు ఆనుకుని నిలబడటమే అతనికి తెలిసిన మర్యాద. అలాంటిది, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఎండాకాలం చివర, అతని కొడుకు రాజానికి హైదరాబాదు యూనివర్సిటీలో సీటు వచ్చిందని తెలిసి, సేటు స్వయంగా కుర్చీ ముందుకు జరిపాడు.

"కూసో బాబూ," అన్నాడు.

రాజం కూర్చున్నాడు. ఏసయ్య గోడకు ఆనుకునే నిలబడి చూశాడు. తన చేతుల మీద పెరిగిన పిల్లాడేనా వీడు? మిషను బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు ఇంత పని చేస్తాయా? సంతోషమో భయమో అతనికే తెలియలేదు. చర్చిలో మోకరించినప్పుడు కలిగే వణుకులాంటిది ఒళ్లంతా పాకింది.

ఆ రోజు నుంచి ఇంట్లో వింత మొదలైంది. కొడుకు గడపలో అడుగుపెడితే చాలు, ఏసయ్య మంచం మీంచి లేచి నిలబడేవాడు. కొడుకు తిన్నాక గానీ కంచం ముట్టేవాడు కాదు. రాజం నీళ్ల కడవ ఎత్తబోతే పరుగున వచ్చి లాక్కునేవాడు. ఇక తిట్టడం సంగతి దేవుడెరుగు. వాడకట్టంతటికీ పేరుపడ్డ తిట్లు ఏసయ్యవి. అవి వినబడక ఇల్లు బోసిపోయింది.

భార్య ఆశమ్మ కొన్నాళ్లు నవ్వింది, తర్వాత విసుక్కుంది. "కన్నకొడుకు ముంగట గా నిలబడుడేందయ్యా? ఆడేమన్న కలెక్టరా?"

"నీకెర్క లేదు. సేటే కుర్చీ ఏసిండు."

రాజం మాత్రం నవ్వలేదు. తింటున్న రొట్టె పక్కన పెట్టి తల్లితో అన్నాడు. "అవ్వా, నేను పట్నం పోను. చదువు కోసం బాపును పోగొట్టుకుంటనా? గిట్ల నిలబడుకుంటనే ఉంటె నాకు బస్సెక్క బుద్ధయితలేదు."

తలుపు అవతల నుంచి ఏసయ్య కూడా విన్నాడు. మారాలనే అనుకున్నాడు. కానీ కొడుకు కనబడితే కాళ్లు వాటంతటవే లేచేవి. తెల్లారితే ప్రయాణం, రాజం ఇంకా పెట్టె సర్దలేదు. ఆ రోజు కూడా అవి మాట వినలేదు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. దుకాణం వెనక కళ్లంలో మెరుగు పెట్టాల్సిన ఎండు పసుపు ఇంకా మిగిలే ఉంది. కొమ్ములను గోనె సంచిలో పోసి, ఇద్దరు చెరో కొస పట్టి ఊపితే, ఒకదానికొకటి రాసుకుని పొట్టు రాలి నిగనిగలాడతాయి. ఒక్కడితో అయ్యే పని కాదు. ఏసయ్య జోడీ లింగన్నకేమో జ్వరం. ఎవరూ పిలవకుండానే రాజం వచ్చి రెండో కొస అందుకున్నాడు.

"వద్దు, నువ్వు..." అంటూ ఏసయ్య నీళ్లు నమిలాడు.

"వాన వస్తది బాపు. ఊపు."

ఊపారు. ఒకప్పుడు సెలవుల్లో ఊపిన చేతులే, కలం పట్టి పట్టి మెత్తబడ్డాయి. కాసేపటికే అరచేతులు బొబ్బలెక్కి రాజం కొస వదిలేశాడు. పసుపంతా మట్టిలో దొర్లింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"నీ సోయి ఏడున్నదిరా దున్నపోతా? ఇడిసేటోనివి ముందుగాల్ల చెప్పద్దా? గింత పెరిగినవ్, సంచి పట్టరాదు. గా కొమ్ములు మీ తాత వచ్చి ఏరుతడారా? వంగు."

రాజం వంగాడు. ఇద్దరూ వానలో తడుస్తూ ఏరారు. ఆఖరి కొమ్ము చూరు కిందికి చేరాక గానీ ఏసయ్యకు తను ఏమన్నాడో తెలిసిరాలేదు. నాలుక కరుచుకుని తలెత్తాడు. కొడుకు ముఖం వెలిగిపోతోంది.

"ఇంకో రెండు తిట్టు బాపు," అన్నాడు రాజం. "పొద్దుగాల్ల పోయేటోణ్ని."

తెల్లారి కొడుకు పెట్టె అందించడానికి ఏసయ్య బస్సెక్కాడు. రాజం కిటికీ వైపు జరిగి పక్కన చోటు చూపించాడు. "కూసో బాపు." ఏసయ్య అటూ ఇటూ చూశాడు. బస్సులో సేట్లున్నారు, పట్వారీ ఉన్నాడు. అయినా కూర్చున్నాడు. కొడుకు భుజం తన భుజానికి ఆనింది. బస్సు కదిలిన సంగతి కూడా అతనికి తెలియలేదు. కండక్టరు వచ్చి టికెట్టు అడిగేసరికి ఊరి గుట్ట దాటిపోయింది.

దిగి నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. దారిలో ఎదురైన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు.

"మా రాజం పక్కన కూసున్న."