ఆవాజ్ ఉన్న జనరేటర్

మా పెద్దబాపు ఏది కొన్నా బర్రెను కొన్నట్టే కొనేటోడు. ధర్మాబాద్ దుకాణంల జనరేటర్ చుట్టూ తిరిగి, వీపు నిమిరి, "ఎంత తాగుతది? తంతదా?" అని అడిగిండు. ఇగ పళ్లు చూస్తడేమోనని నేను పక్కకు జరిగిన.

నాయనమ్మకు ఉబ్బసం. వాన పడితే కరెంటు పోతది, కరెంటు పోతే ఆమె మందు పీల్చే మిషిని ఆగుతది. జనరేటర్ కొనుడు అందుకే.

దుకాణమాయన ఒకటి చూపెట్టి, "కాకా, బిల్కుల్ ఆవాజ్ నై, మోతనే రాదు" అన్నడు.

"మాకు ఆవాజ్ ఉన్నదే కావాలె."

ఊర్ల షాన్ కోసం, గొప్ప చూపెట్టుకునేటందుకనుకున్న.

మొదటి వానకే కరెంటు పోయింది. నాయనమ్మ మంచంపట్టె గట్టిగ పట్టుకొని ఎగపోస్తున్నది. పొగ ఇంట్లకు రావద్దని పెద్దబాపు జనరేటర్‌ను కొట్టం అవతల పెట్టిండు. అక్కడికి ఉరికి తాడు గుంజిండు. దడదడ మోతకు గోడలు అదిరినయ్. చెముడున్న నాయనమ్మకు సుత అది అందింది. ఇంక వైరు కలపనే లేదు, మంచంపట్టె మీద ఆమె పట్టు సడలింది.

నేను ఉరికి పోయి చెప్పిన: "మిషిని పెట్టకముందే నిమ్మలమైంది పెద్దబాపూ!"

"తెలుసురా! మా అవ్వకు రోగం సగం, భయం సగం! మిషిని రోగానికి, మోత భయానికి!"

గింత మెత్తని మాటను ఆ మోతల గొంతు చించుకొని అరవాల్సొచ్చింది. వాడకట్టంత విన్నది, ఒక్క నాయనమ్మ తప్ప.