డ్రమ్ములో వేసిన దేవుళ్ళు

రాయపూర్ రాజధాని అయ్యాక మా మోవా పేటకి ముందు వచ్చింది ఫ్లెక్సు బ్యానరు. రోడ్డు తరవాత వచ్చింది. వినాయకచవితికి ఒకటి, దసరాకి ఒకటి, నాయకుడి పుట్టినరోజుకి వీధి పొడుగునా. పండగ అయ్యాక దాన్నేం చేయాలో కట్టినవాడికీ తెలీదు, కట్టించినవాడికీ తెలీదు. ఇప్పటికీ తెలీదు. మా తోడల్లుడి పిండిమర మూతబడింది అందుకే.

అతనిది శ్రీకాకుళం వైపు. ఇక్కడ మా వీధిలోనే డీజిలు ఇంజనుతో మర నడిపేవాడు. ఇంటిల్లిపాదీ దానిమీదే బతికేవారు. డీజిలు ధర పెరిగినకొద్దీ అతను చిక్కిపోతూ వచ్చాడు. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. పాత పుస్తకాల కొట్లో కొన్న హిందీ విజ్ఞాన పత్రికలే నా కాలేజీ. గాలి తగలకుండా వేడిచేస్తే ప్లాస్టిక్ మళ్ళీ నూనె అవుతుందని వాటిలోనే చదివాను.

ఇద్దరం కలిసి మర వెనక ఇనప డ్రమ్ము బిగించాం. దాని మూతనుంచి రాగి గొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళ తొట్టి. పాల కవర్లూ చిరిగిన బియ్యం సంచులూ కుక్కి కింద మంటపెట్టాం. మొదటి చుక్క పడ్డప్పుడు అతను దాన్ని వేలితో తీసి వాసన చూసి కళ్ళకద్దుకున్నాడు. ఆ నూనె వడకట్టి డీజిల్లో కలిపి పోస్తే ఇంజను నల్లగా దగ్గి, తిరిగింది. ఆ వేసవంతా తిరిగింది. ఇవాళ చెబితే శంకర్ నగర్ బంగళాల్లో ఉండే చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, నేను కళ్ళారా చూశాను.

మొదటి రోజే చెప్పాను, ఫ్లెక్సు మాత్రం వేయొద్దని. అది వేరే జాతి ప్లాస్టిక్, ఉడికిస్తే ఆమ్లం పుడుతుందని. తలూపాడు.

దసరా వెళ్ళాక కాలనీ ఆడవాళ్ళు అమ్మవారి ఫ్లెక్సులు చుట్టలుగా మోసుకొచ్చారట. చెత్తలో వేస్తే పాపం, కాలవలో వేస్తే పాపం. అగ్నికి అప్పగిస్తే దోషం లేదని ఎవరో అన్నారు. పసుపూ కుంకుమా చల్లి మరీ ఇచ్చారు. నేనప్పుడు పెళ్ళికని బిలాస్‌పూర్ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే కళ్ళు మండాయి. గొట్టం పచ్చబడి చిల్లులు పడింది. ఆ నూనె తాగిన ఇంజనులో పంపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మెకానిక్ విప్పి చూసి, ఖతం అని చేతులు తుడుచుకున్నాడు.

"చెప్పాను కదా తమ్ముడూ," అన్నాను.

"చెప్పేవన్నయ్యా. అమ్మోరిని చేతుల్లో ఎట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వాపస్ తీసుకుపొండని ఎలగంటాను?"

"అమ్మవారి పక్కన దండం పెడుతూ నాయకుడు కూడా ఉన్నాడుగా. వాణ్ణీ భక్తితోనే వేశావా?"

"ఆణ్ణే ముందు ఏసేను."

నవ్వు రావలసిన చోటే. ఇద్దరికీ రాలేదు.

కొత్త ఇంజను కొనే తాహతు లేదు. పాతది తుక్కు కింద పోయింది. అతను ఇనుము ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. ఫ్లెక్సులు తెచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరూ ఏమైందని అడగలేదు. వాళ్ళకు పుణ్యం దక్కింది, ఇంకేం కావాలి?

ఇప్పుడందరూ పక్క వీధిలోని కరెంటు మరకి వెళతారు. అతనూ వెళతాడు. మొన్న గోధుమల డబ్బా పట్టుకుని వరసలో నిలబడి ఉండగా చూశాను. తన వంతు వచ్చి పిండి రాలగానే రెండు వేళ్ళమధ్య నలిపి చూశాడు. గరుకుగా ఉన్నట్టుంది. మర రాళ్ళు కాస్త బిగించమని చెప్పడానికి మరవాడివైపు వంగినవాడల్లా, వెనక్కి జరిగి డబ్బా మూత పెట్టేసుకున్నాడు.